రుద్రప్ప దొర పడాల్సిన ఆదివారం

ఎల్లస్వామి పోయిన రోజు దవాఖాన వరండాలో కానిస్టేబుల్ ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నాగరాణి చేతిలో పెట్టాడు. అందులో తమ్ముడి చేతిగడియారం, పర్సు, బండి తాళంచెవి, సెల్‌ఫోను ఉన్నాయి. పెద్దవూర మలుపులో బండి లారీ కిందికి పోయినా ఫోను అద్దం మాత్రం పగల్లేదు. నందికొండ బస్టాండు పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం అతనిది. ఊళ్లో ఎవరి ఫోను అద్దం పగిలినా అతని దగ్గరికే తెచ్చేవారు.

కవరులో ఫోను ఆగకుండా మోగుతోంది.

"ఎవరు మేడం గీ దొర?" అన్నాడు కానిస్టేబుల్. "ఇందాకట్నుంచి ఒకటే మెసేజులు. దొరా దొరా అని."

నాగరాణి కవరు పైనుంచే చూసింది. తెర మీద ఒకదాని కింద ఒకటి వచ్చి పడుతున్నాయి. 'దొరా, రేవు కాడ అందరం నిలబడ్డం.' 'చంద్రి తెడ్డు పట్టుకొని చూస్తాంది, జల్ది రా.' ఆఖరున, 'యాడ సచ్చినవ్ దొరా?'

ఆమె ఆ మాట రెండోసారి చదవలేదు. కవరు మూతి ముడివేసి భుజాన ఉన్న సంచిలో పెట్టుకుంది. రోజూ పిల్లల జవాబు పత్రాలు మోసే సంచి అది. గోడకు ఆనుకొని నేల మీద కూర్చున్న తల్లి సోమమ్మ తల ఎత్తింది.

"ఎవలు బిడ్డా?"

"వాని దోస్తులమ్మా."

"చెప్పరాదు మరి. పాపం ఎదురుసూస్తున్నట్టున్నరు."

"చెప్త," అంది నాగరాణి. ఆ రోజు చెప్పలేదు.

మూడోనాడు ఏటి ఒడ్డున తమ్ముడి పేరున పిట్టకు పెట్టారు. విస్తట్లో కోడికూర, మిర్చి బజ్జీలు, పక్కన ఒక కూల్‌డ్రింకు సీసా. అందరూ వెనక్కి జరిగారో లేదో కాకి వచ్చి వాలింది. పొడుచుకు తిన్నది. "సూసిండ్రా," అన్నాడు చిన్నాయిన మల్లయ్య, కండువాతో ముఖం తుడుచుకుంటూ. "ఏ కోరికా మిగల్లె పోరనికి. ఫికర్ లేకుంట పోయిండు." అందరికీ గుండె కొంచెం కుదుటపడింది. నాగరాణి కూడా తల ఊపింది. సంచిలో ఫోను మళ్లీ కదిలింది.

ఆ సాయంత్రమే ఆమె దుకాణం షట్టరు ఎత్తింది. జనం తమ ఫోన్లు అడుగుతున్నారు. ఎవరిది వాళ్లకు తిరిగి ఇవ్వాలి. లోపల అన్నీ అతను వదిలినట్టే ఉన్నాయి. ఒక్కో ఫోను ఒక్కో స్టీలు మూతలో, మీద పేరు రాసిన కాగితం ముక్క. బల్ల మీద ఒకటి సగం విప్పి ఉంది. దాని స్క్రూలు అయస్కాంతం చాప మీద, ఏ మూలవి ఆ మూలనే, ఫోను ఆకారంలో పేర్చి ఉన్నాయి. ఆమె వాటిని ముట్టలేదు.

బల్ల వెనుక కంప్యూటరు ఉంది. పొద్దుగూకాక గిరాకీ తగ్గితే ఎల్లస్వామి షట్టరు సగానికి దించి దాని ముందు ఆటకు కూర్చునేవాడు. "ఇంకా చిన్నపిల్లగానివారా?" అని ఆమె ఎన్నోసార్లు కోప్పడింది. "అక్కా, అండ్ల నేను విలన్‌ను," అనేవాడు. "మంచోళ్లు ఒకరు రాకున్నా నడుస్తది. నేను పోకపోతే కథే నడ్వదు."

ఆ దోస్తులకు సంగతి చెప్పి ముగించాలనే కంప్యూటరు పెట్టింది. ఆట తానంతట తానే తెరుచుకుంది. తెర మీద ఒక పాతకాలపు ఊరు. ఏటిగడ్డ అని పేరు. రేవు, గడీ, ఏరు దాటించే గుండ్రటి పుట్టీలు. ఎక్కడెక్కడి మనుషులో అందులో తలా ఒక పాత్ర కట్టుకొని తిరుగుతారు. తెర పైభాగంలో బొమ్మలు నడుస్తుంటే, పాత్ర చేసే పనీ ఆడే మాటా కింద టైపు చేస్తారు. రెండు అడ్డగీతల మధ్య రాస్తే మాత్రం అది పాత్ర మాట కాదు, ఆడే మనిషి సొంత మాట. ఇవన్నీ పక్కన పలక మీద రాసి ఉన్నాయి. అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో ఉన్న కాయిదా ఇది: 'కొట్టేటోడు కొట్టిన అని మాత్రమే రాయాలె. తగిలిందో లేదో దెబ్బ పడ్డోడే రాయాలె.'

ఎర్ర తలపాగ, వెండిపొన్ను కర్రతో రేవు మెట్ల మీద నిలబడ్డవాడు రుద్రప్ప దొర. ఏరు దాటే హక్కంతా తనదేనని రేవును పట్టుకున్న మనిషి. ఎల్లస్వామి పాత్ర అదే.

'దొర వచ్చిండు! దొర వచ్చిండు!' అని రాశాడు లచ్చడు. అతను దొర వెనుక గొడుగు పట్టే జీతగాడు.

నాగరాణి టైపు చేసింది: 'నేను ఎల్లస్వామి అక్కను. మీకు ఒక సంగతి చెప్పాలి.' పంపలేదు. సంగతి అనే మాట చిన్నదిగా కనిపించింది. దుర్వార్త అని దిద్దింది. అది పేపరు మాటలా ఉంది. మళ్లీ తుడిచింది. బడిలో పిల్లల వాక్యాలు దిద్దే మనిషికి తన వాక్యం ఒక్కటి కుదరలేదు. ఈలోగా తెర మీద ఇంకో వరుస పడింది.

'పుట్టి నడిపే చంద్రి తెడ్డు తిప్పి దొర తల మీద ఒక్కటి కొట్టింది.'

బొమ్మలన్నీ ఆగిపోయాయి. అందరూ దొర కోసం చూస్తున్నారు. తగిలిందో లేదో అతనే రాయాలి.

ఆ తలను నాగరాణి దవాఖానలో చూసి వచ్చింది.

తాను రాసుకున్నదంతా చెరిపేసింది. 'దొర పక్కకు తప్పుకున్నాడు. దెబ్బ తగల్లేదు,' అని రాసి పంపింది.

'బతికినవ్ దొరా!' అన్నాడు లచ్చడు.

ఆ వరుస కిందికి జారి కనబడకుండా పోయేదాకా ఆమె చూస్తూ కూర్చుంది.

మర్నాడు, ఆ మర్నాడు కూడా దుకాణానికి పోయింది. ఫోన్లు ఇచ్చేది ఉందని ఇంట్లో చెప్పేది. నిజానికి ఫోన్లు ఇవ్వడం తొందరగానే అయిపోయేది. ఆ తర్వాత షట్టరు సగానికి దించేది, తమ్ముడు దించినంత మేరకే.

విలన్‌గా ఆడటం ఆమెకు కష్టం కాలేదు. తరగతిలో అరిస్తే పిల్లలు అలవాటు పడిపోతారు. గొంతు తగ్గిస్తే వెనుక బెంచీ కూడా నిశ్శబ్దమవుతుంది. అదే ఇక్కడా పనికొచ్చింది. 'దొర అరవలేదు,' అని రాసింది ఒక సాయంత్రం. 'చంద్రీ, నీ పుట్టిని నేనెందుకు కాలబెడ్త? రేపు పొద్దుగాల నువ్వే మోసుకొచ్చి నా వాకిట్ల బోర్లిస్తవు. కట్టెలు తడిసినయని నన్నే ఎండబెట్టుమని అడుగుతవు.'

అడ్డగీతల మధ్య లచ్చడుగా ఆడే మనిషి రాశాడు: 'వామ్మో. నా పెయ్యి జలదరించిందన్నా. ఏడ దొరికినయ్ గీ మాటలు?'

మాటలు అందరికీ నచ్చాయి. చిక్కంతా దెబ్బల దగ్గర వచ్చింది. చంద్రి కారం చల్లితే గాలి అటు తిరిగింది. వల విసిరితే తెగింది. మెట్ల మీద నూనె పోస్తే దొర వేరే దారిన వచ్చాడు. ఊరంతా కలిసి రాళ్లు రువ్వితే ఒక్క రాయి కూడా చేరలేదు. ప్రతిసారీ నాగరాణి రాసే వాక్యం ఒక్కటే, 'తగల్లేదు.'

'ఏందన్నా, దొరవా దేవునివా?' అన్నారెవరో. ఇంకొకరు ఎకసెక్కంగా, 'మనమే ఒకర్నొకరం కొట్టుకుందాం పా, అట్లనన్న తగుల్తది,' అన్నారు.

ఆమె పాత ఆటలు వెనక్కి జరిపి చదివింది. తమ్ముడి దొర ఎన్నిసార్లు పడ్డాడో! బర్రెల మడుగులో పడ్డాడు. చాకలి ఎల్లి తడిబట్టతో వీపు మీద కొడితే లేచి పరుగెత్తాడు. చంద్రి మొదటిసారి భయపడుతూ భయపడుతూ ఒక మట్టిపెళ్ల విసిరినప్పుడు, ఎల్లస్వామి ఆ పిల్లకు అనుమానపడే వ్యవధి కూడా ఇవ్వలేదు. 'తగిలింది. దొర నుదురు పట్టుకొని కూలబడ్డడు. తలపాగ నీళ్లల్ల కొట్టుకపోయింది. లచ్చా, నవ్వితే నాలిక కోస్త.' బెదిరింపు ఎంత గట్టిగా ఉంటే పడటం అంత ఘనంగా ఉండేది. ఆట అయ్యాక అడ్డగీతల మధ్య ప్రతిరోజూ ఒకటే మాట: 'మనస్వినీ, నా మాటలు గట్టిగైనయా బిడ్డా? మనసుకేమన్న తగిలిందా? తిన్నవా?'

చంద్రిగా ఆడే అమ్మాయి పేరు మనస్విని అని అలా తెలిసింది.

వారం మధ్యలో ఆ మనస్విని విడిగా రాసింది. 'అన్నా, నా మీద కోపమా? ఏం తప్పు జేసిన్నో చెప్పు. కోస్గిల బట్టల దుకాణంల పొద్దంత నిలబడ్త. చీర మడత విప్పితే సేటు అరుస్తడు, విప్పకపోతే గిరాకి అరుస్తది. ఇంటికొస్తే మా వదిన. ఈడనన్న అరిచినోడు ఒకరోజు పడ్తడని వస్తున్న. ఈ ఆదివారం దొర ఆఖరిసారి పడ్తడని నువ్వే అంటివి. రెండేండ్ల సంది ఆ రోజు కోసమే ఆడిన. ఇప్పుడేమో చెయ్యి లేపాల్నంటేనే బుగులైతాంది. ఏం కొట్టినా తగల్లేదంటవు.'

నాగరాణి జవాబు రాయడానికి కూర్చుంది. తన తరగతిలో ఇలా వచ్చి నిలబడే అమ్మాయిలు ఆమెకు తెలుసు. తప్పు ఎదుటివాళ్లదైనా తమదే అని అడుగుతారు. 'నీ తప్పేం లేదు' అని రాసి, అంతకు మించి ఒక్క అక్షరం రాయలేక, అదీ పంపలేక కంప్యూటరు ఆపేసింది.

మరునాడు మధ్యాహ్నం ఒక పెద్దాయనకు ఆయన ఫోను వెతికి ఇస్తుండగా తమ్ముడి ఫోను మోగింది. ఎత్తింది.

"నమస్తే. నేను ఏసోబును, అచ్చంపేట నుంచి," అంది అవతలి గొంతు. వెనుక కుట్టుమిషను చప్పుడు ఉంది. "ఆటల లచ్చన్ని. ఆ ఏటిగడ్డను నడిపేటోన్ని గూడ నేనే. స్వామి లేడా?"

ఆమె పెద్దాయన ఫోను ఆయన చేతిలో పెట్టింది.

"మీరు ఎవరో నాకు తెల్వదు గని, నాలుగైదు రోజుల సంది ఆడుతున్నది స్వామి గాదు. ఆట అయినంక తిన్నవా అని అడగకుంట పోయేటోడు గాదు వాడు."

పెద్దాయన ఫోను జేబులో పెట్టుకొని, ఏమీ అడక్కుండా మెట్లు దిగిపోయాడు.

"నేను వాళ్ల అక్కను," అంది నాగరాణి. "మా తమ్ముడు పోయిండు. బండి మీద వస్తుంటే."

కుట్టుమిషను ఆగింది. తర్వాత ఏసోబు ముక్కు చీదిన చప్పుడు.

"యాడ సచ్చినవ్ అని రాసింది నేనే అక్కా."

"మీకు తెల్వదు గదా."

"తెల్వకనే రాసిన. గాని రాసిన గదా."

ఆమె బల్ల మీది స్క్రూల వంక చూస్తూ నిలబడింది. అతనే మళ్లీ అన్నాడు. "అక్కా, చిన్నోన్ని, ఒక మాట చెప్త, ఏమనుకోకు. దెబ్బ తప్పించుకునేటోన్ని మా ఆటల దొంగ అంటరు. విలన్‌కు బలం ఇచ్చేది పడేటందుకే. స్వామి అంత మంచిగ పడేటోడు మా దగ్గర ఇంకోడు లేడు. ఇప్పుడు జనం వాని గురించి ఏమంటున్నరో ఎరుకనా? గెలుపు రుచి మరిగిండు, పిల్లను సతాయిస్తున్నడు అంటున్నరు. ఆ పేరు వానికే వస్తాంది."

"ఆదివారం పడితే ఏమైతది?"

"ఆ పాత్ర అయిపోతది. మళ్ల లేపేది లేదు. గది మా కాయిదా."

"నేను చెప్పేదాక ఎవలకు చెప్పకుండ్రి."

"చెప్ప. మీరే చెప్పాలె అక్కా. మీరు తిన్నరా?"

ఆమె ఫోను పెట్టేసింది.

ఆ సాయంత్రం దుకాణం తియ్యలేదు. ఇంట్లో సోమమ్మ చేటలో బియ్యం పోసుకొని రాళ్లు ఏరుతోంది. ఎప్పటిలాగే ముగ్గురికి సరిపడా కొలిచింది. నాగరాణి చూసింది గానీ తగ్గించమని అనలేదు. పక్కన కూర్చొని తానూ ఏరసాగింది.

"అమ్మా, తమ్ముడు దొర లెక్క మాట్లాడుడు ఏడ నేర్చుకున్నడు?"

"నా దగ్గర్నే," అంది సోమమ్మ, చేట కుదుపుతూ. "కూసుండి అడుగుతుండె. అమ్మా, మీ ఊరి దొర ఎట్ల పిలుస్తుండె, ఎట్ల నడుస్తుండె అని. మా నాయిన ఆయన గొర్లు గాసిండు గదనే. నేను ఆ గడీ వాకిట్ల పెండ సాన్పి సల్లిన. ఆయన అరిచేటోడు గాదు బిడ్డా. కర్ర నేలకు ఆనిస్తుండె. అంతే. ఆ సప్పుడుకు మా నాయిన వంగుతుండె."

ఆమె ఒక రాయి ఏరి పక్కన వేసింది.

"ఒకనాడు వీడు అడిగిండు, ఆ దొరను ఎవలన్న కొట్టిండ్రానే అమ్మా అని. ఎవలు కొడ్తరు కొడుకా, మంచంల పండి మంచిగనే పోయిండు అన్న. మల్లేం మాట్లాడలె. లేసి దుకాణానికి పోయిండు." సోమమ్మ చీరకొంగుతో కళ్లు ఒత్తుకుంది. "వచ్చినంక నవ్వుకుంట చెప్పిండు. అమ్మా, ఇయ్యాల మీ దొరను బర్రెల మడుగుల పడేసిన అని. నాకు సమజ్ గాలె. అయినా నవ్వొచ్చింది. కడుపునిండ నవ్విన."

బియ్యం ఏరడం అయిపోయింది. చేట ఖాళీ అయినా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

ఆదివారం మధ్యాహ్నం నాగరాణి షట్టరు పూర్తిగా ఎత్తింది. వెలుతురు బల్ల మీదికి, స్క్రూల మీదికి వచ్చింది. ఏటిగడ్డ రేవులో ఇసుక వేస్తే రాలనంత మంది బొమ్మలు నిలబడి ఉన్నారు. పిల్లలను ఎత్తుకున్నవాళ్లు, డప్పులు పట్టుకున్నవాళ్లు. చంద్రి పుట్టిలో నిలబడి ఉంది. లచ్చడు గొడుగు మడిచి దొరకు దూరంగా జరిగాడు. ఈ రోజు అతను పక్షం మారాలి. అదీ ఎల్లస్వామి ముందే అల్లి పెట్టిందే.

గట్టి ఘట్టం ఆడేముందు ఎదుటి మనిషికి విడిగా చెప్పడం ఏటిగడ్డలో రివాజు. ఏం జరగబోతోందో చెప్పి, సరేనా అని అడిగి మొదలుపెడతారు. నాగరాణి మనస్వినికి విడిగా రాసింది. ఈసారి వాక్యం దిద్దలేదు.

'బిడ్డా, నేను ఎల్లస్వామిని కాదు, వాళ్ల అక్కను. మొన్న బండి మీద వస్తుంటే లారీ తగిలి మీ అన్న పోయిండు. ఆ తర్వాత ఆడుతున్నది నేను. తగల్లేదు అని రాసింది నేను. వాడు కాదు. నీ తప్పు ఏమీ లేదు. ఇయ్యాల కొట్టు. తగుల్తది. సరేనా?'

జవాబు రాలేదు. ఆమె రేవు వైపు తిరిగింది. 'దొర మెట్లు దిగి పుట్టి ముందు నిలబడ్డడు. కర్ర నేలకు ఆనించిండు. చంద్రీ, అడుగు, ఈ రేవు ఎవరిదో అడుగు, అన్నడు.'

తమ్ముడు రాసినట్టే రాయాలనుకుంది. రాయగలిగింది.

'చంద్రి తెడ్డు ఎత్తింది,' అని వచ్చింది తెర మీద.

రేవంతా ఆగింది. డప్పులవాళ్లు చేతులు పైకెత్తి ఉన్నారు. నాగరాణి కింది గడిలో తన వాక్యం ముందే రాసి పెట్టుకుంది: 'తగిలింది. దొర కూలబడ్డడు. తలపాగ నీళ్లల్ల కొట్టుకపోయింది.' పంపే మీట మీద వేలు పెట్టుకొని కూర్చుంది. కొట్టిన అని చంద్రి రాస్తే చాలు.

చంద్రి రాయలేదు. విడిగా ఒక వరుస వచ్చింది.

'అక్కా, నాతోని గాదు.'

'కొట్టు బిడ్డా. వాడు నీకు మాట ఇచ్చిండు.'

'ఎట్ల కొట్టాలె అక్కా? నేను కొడితే అన్న అయిపోతడు. నువ్వు తగల్లేదనే రాయి. నాకేం కోపం లేదు. రోజూ తగల్లేదనే రాయి.'

ఇన్ని రోజులు ఆ అమ్మాయి కొడుతుంటే ఆమె కాదంది. ఇప్పుడు ఆమె తల వంచితే అమ్మాయి కాదంటోంది. నాగరాణి దొర చేత తలపాగ తీయించి ఇసుకలో పెట్టించింది. కర్ర విడిచిపెట్టించింది. 'దొర తల ఒంచిండు,' అని రాసింది. తెలియనివాళ్లు, 'కొట్టు చంద్రీ, కొట్టు!' అని కేకలు రాశారు. తెలిసిన లచ్చడు ఒక్కడే ఆ కేకల్లో కలవలేదు. గొడుగు విప్పి, ఆ ఎండలో, ఒంచిన తల మీద పట్టాడు.

'కొట్టాలె బిడ్డా,' అని మళ్లీ రాసింది నాగరాణి. 'వాన్ని దొంగ అంటున్నరు. వాడు మంచిగ పడేటోడు. నీకు నాకన్న ఎక్కువ ఎరుక.'

'ఎరుకనే అక్కా.' ఆ తర్వాత, 'నువ్వు తిన్నవా?' అని వచ్చింది.

'తినలేదు,' అని రాసింది నాగరాణి. 'నువ్వు?'

'లేదు.'

ఎండ బల్ల మీది నుంచి గోడ మీదికి పోయింది. బొమ్మలు ఒక్కొక్కటిగా రేవు విడిచి పోయాయి. డప్పులవాళ్లు పోయారు. చంద్రి మాత్రం ఉంది.

సోమవారం నాగరాణి బడికి పోయింది. ఇప్పుడు రోజూ బడి నుంచి వచ్చి దుకాణం తీస్తుంది. ఇవ్వాల్సిన ఫోన్లన్నీ ఇచ్చేసింది, సగం విప్పిన ఆ ఒక్కటి తప్ప. కంప్యూటరు పెడితే రుద్రప్ప దొర తల ఒంచి ఇసుకలో నిలబడి ఉంటాడు. కోస్గిలో బట్టల దుకాణం మూశాక చంద్రి కూడా వస్తుంది, తెడ్డు ఎత్తి నిలబడుతుంది. తిన్నవా అంటే తిన్నవా అనుకుంటారు. తగిలిందని రాసిన వాక్యం గడిలో అలాగే ఉంది. దెబ్బ ఇంకా పడలేదు.